బెల్లం కొట్టిన రాయి

మా కొట్లో బెల్లం కొట్టే రాయి ఒకటి ఉంది. మా అత్తగారు కాపురానికి వచ్చేనాటికే ఉందట. గుప్పిట్లో ఇమిడేంత నల్లరాయి, ఒక పక్క అరిగి నున్నగా ఉంటుంది. ఎంత పలకరించినా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే మనిషిని 'బెల్లం కొట్టిన రాయిలా' అంటారు కదా, మా ఇంట్లో మాత్రం ఎవరూ ఆ మాట అనరు. మనకి అన్నం పెట్టిన రాయిని తిట్టు కింద వాడకూడదని మా అత్తగారి నియమం. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి నేను నోరు జారి అంటే ఆవిడ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. అప్పుడు ఆవిడే ఆ రాయిలా ఉన్నారని నాకు నవ్వొచ్చింది గానీ, పైకి నవ్వలేదు.

నిరుడు శ్రావణం నుంచి ఈ మాఘం దాకా నేను ఆ రాయిలాగే బతికాను. పన్ను పుచ్చి, అది ముదిరి, ప్రాణం మీదకి వచ్చింది. ప్రాణం దక్కింది గానీ నాలుక ఎడమ సగం మొద్దుబారిపోయింది. పంటి నొప్పికి ఇంత కథా అనుకునేవాళ్ళు ఉంటారు. నేనూ అలా అనుకున్నదాన్నే, అందుకే రాస్తున్నాను. మాట ముద్దముద్దగా వచ్చిన ఆ నెలల్లో ఎవరికీ చెప్పలేనివి చాలా లోపలే ఉండిపోయాయి. వాటిని ఎక్కడో ఒకచోట దింపుకోవాలని కూడా ఉంది.

మాది తాడేపల్లిగూడెం. బెల్లం టోకు కొట్టు. చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు మెట్ట ఊళ్ళ నుంచి వచ్చే సరుకు మా దగ్గర దిగి, కింద డెల్టాలో మిఠాయిలు చేసేవాళ్ళకీ చిల్లర కొట్లకీ వెళుతుంది. బేరం మా ఆయన చూసుకుంటారు. రుచి నేను చూస్తాను. మా ఆయనకి బేరం వచ్చు గానీ నాలుక లేదు. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళమ్మగారన్నది. కన్నకొడుకు నాలుకని నమ్మక, పదో తరగతి తప్పి కాపురానికి వచ్చిన కోడలికి ఆవిడ ఈ పని నేర్పారు. ఇంటికి నేను కోడలినే కావచ్చు, కొట్టుకి మాత్రం నాలుకని.

బెల్లం రుచి చూడటం అంటే నాలుక కొసన పెట్టి చప్పరించడం కాదు. నాలుక కొసకి ఏ బెల్లమైనా తీపే. చెరుకు చౌడు నేలలో పెరిగినా, పాకం అడుగంటినా, తెల్లగా కనిపించడానికి మందు ఎక్కువ కలిపినా, ఆ గుట్టు చివర్లో గానీ బయటపడదు. అందుకని దిమ్మ మూల రాయితో చితగ్గొట్టి, పెసరబద్దంత పలుకు తీసి, ఎడమ బుగ్గన వెనక పళ్ళ పక్కన పెట్టుకుని, అది దానంతటది కరిగేదాకా ఊరుకోవాలి. తీపి వెళ్ళిపోయాక నోట్లో ఏం మిగిలిందో అదే ఆ బెల్లం అసలు రుచి. "నాలిక మొహమాటపడుతుందే అమ్మాయ్, బుగ్గ మొహమాటపడదు" అనేవారు మా అత్తగారు.

గానుగలు ఆడే రోజుల్లో కొట్టు తీసింది మొదలు దీపాలు పెట్టేదాకా నా ఎడమ బుగ్గ ఖాళీగా ఉండేది కాదు. అయినా తీపి తినే మనిషిని కాను నేను. కాఫీలో పంచదార వేసుకోను. పెళ్ళిభోజనాల్లో లడ్డూ పక్కవాళ్ళ ఆకులో వేసేస్తాను. ఏకాదశి ఉపవాసం నాడు కూడా సరుకు రుచి చూసేదాన్ని, ఎందుకంటే మా ఇంట్లో రుచి చూడటం తినడం కిందకి రాదు. దేవుడికి వండేది రుచి చూడకూడదు గానీ, సరుకు రుచి చూస్తే ఉపవాసం చెడదు. ఇది మా అత్తగారి శాస్త్రం. ఆ శాస్త్రమే నా కొంప ముంచింది.

నిరుడు మాఘం

సరుకు ముమ్మరంగా దిగుతున్న రోజుల్లో ఎడమ కింది దవడలో వెనక పన్ను సలపడం మొదలుపెట్టింది. చల్లనీళ్ళు తగిలితే ప్రాణం జివ్వున లాగేది. మా అత్తగారి దగ్గర లవంగాల డబ్బీ ఒకటి ఉంటుంది. కొందరి నడుముకి తాళాలగుత్తి ఎలాగో ఆవిడ బొడ్లో ఆ డబ్బీ అలాగ. లవంగం నలిపి పంటి గుంటలో పెట్టేవారు. కాసేపటికి ఆ చోటు మొద్దుబారేది, నేను మళ్ళీ కాటా దగ్గర కూర్చుని ఇంకో పలుకు బుగ్గన పెట్టుకునేదాన్ని. లవంగం మీద బెల్లం పెట్టి రుచి చెప్పిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

లవంగానికి లొంగని మధ్యాహ్నం ఒకటి వచ్చింది. మా వీధి చివర పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చదువు పూర్తయి కొత్తగా వచ్చిన పిల్ల, నెమ్మదైన మనిషి. చిన్న అద్దం పెట్టి చూసింది.

"ఎడమ పక్క మూడు పళ్ళు బాగా పుచ్చేయండీ. కుడి పక్కవి శుభ్రంగా ఉన్నాయి. తీపి ఎక్కువ తింటారాండీ?"

"అస్సలు తిననండీ. కాఫీ కూడా చప్పగానే తాగుతాను," అన్నాను. అబద్ధం ఆడుతున్నానన్న ఊహ కూడా నాకు లేదు.

"మరి ఒక పక్కే ఎందుకిలా అయ్యేయో తెలియట్లేదండీ," అని ఆ పిల్ల అద్దం మళ్ళీ పెట్టి చూసింది. వెనకది పీకాలనీ, ముందు రెండూ నిలబెట్టొచ్చనీ చెప్పి, మందులు రాసి, తగ్గినా సరే తప్పకుండా రమ్మంది.

నేను వెళ్ళలేదు. పన్ను పీకితే కంటిచూపు పోతుందని మా అమ్మ చెప్పేది. ఆ భయం కొంత. అసలు భయం వేరే. ఆ పన్ను పోతే పలుకు ఎక్కడ పెట్టుకోను? దవడలో ఆ మూల నా పనిముట్టు. కంసాలిని పటకారు ఇచ్చెయ్యమంటే ఇస్తాడా? ఇదంతా ఎవరికీ చెప్పలేదు. సరుకు రోజులు దాటనీ అనుకున్నాను.

ఉగాది ముందు ఒక పొద్దున లేచేసరికి నొప్పి లేదు. చల్లనీళ్ళు పోసి చూశాను, లేదు. వేలితో నొక్కి చూశాను, లేదు. లవంగాల మహిమ అన్నారు అత్తగారు. మందుల మహిమ అన్నారు మా ఆయన. నేను అమ్మవారి దయ అనుకుని శుక్రవారం నాడు బెల్లం పానకం చేసి వీధిలో పంచాను. ముగ్గురివీ తప్పులే. పంటిలో నరం చచ్చిపోయింది, అంతే. చచ్చిపోయిన నరం ఏడవదు. ఈ రాసినదాంట్లో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోమంటే ఇది పెట్టుకోమంటాను: పంటి నొప్పి వచ్చినప్పుడు వెళ్ళకపోయినా, పన్ను బాగుచేయించుకోకుండానే అది పోయినప్పుడు మాత్రం తప్పకుండా వెళ్ళండి.

శ్రావణం

వరలక్ష్మీ వ్రతాల సరుకు వెళుతున్న రోజుల్లో దవడ కింద వాపు వచ్చింది. నొప్పి పెద్దగా లేదు. గవదబిళ్ళలేమో అన్నారు అత్తగారు. వీధిలో తెలిసినాయన సూది వేశాడు. మర్నాటికి వాపు మెడ మీదకి దిగింది. నోరు రెండు వేళ్ళ సందు కూడా తెరుచుకోలేదు. నాలుకని ఎవరో కింది నుంచి పైకి ఎత్తి పట్టుకున్నట్టు ఉండేది. ఉమ్మి మింగలేక తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన నన్ను చూసి అలాగే నిలబడిపోయారు.

"ఎప్పట్నించే ఇది?"

వేళ్ళతో చూపించాను.

"డాక్టరమ్మ మళ్ళీ రమ్మందా అప్పుడు? రమ్మందా లేదా?"

తల ఊపాను. ఆయన కోపిష్టి కాదు. ఆ రోజు మాత్రం కంచం పక్కకి నెట్టి, "నాకు చెప్పడానికి నీకు నోరు లేదా పద్మా?" అన్నారు. అని, ఆ మాట ఎక్కడ తగిలిందో ఆయనకే తెలిసి, కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఏలూరు దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. నేను మాట్లాడలేను, ఆయన మాట్లాడరు. భీమడోలు దగ్గర ఆపి నీళ్ళసీసా కొనుక్కొచ్చి మూత తీసి ఇచ్చారు. పట్టుకున్నాను గానీ తాగలేకపోయాను. ఆయన చూశారు. సీసా నా చేతిలోంచి తీసుకుని మూత పెట్టి వెనక సీట్లో పడేసి, అక్కడి నుంచి ఎంత వేగంగా నడిపారంటే, మామూలప్పుడైతే నేనే తిట్టేదాన్ని.

ఏలూరు ఆస్పత్రిలో బయట కుర్చీల్లో కూర్చోబెట్టారు. అప్పటికి మా ఆడపడుచు సుజాత వచ్చింది. ఆవిడ కాపురం ఏలూరులోనే. ఎవరో ఒక నర్సమ్మ వచ్చి ఎన్నాళ్ళయింది, జ్వరం ఉందా, ఏం తిన్నారు అని అడుగుతోంది. నేను తువ్వాలు వంక చూస్తున్నాను. నిజానికి అప్పటికి భయం కూడా లేదు. భయపడే చోటు కూడా వాచిపోయినట్టు అనిపించింది. అడుగుతున్నది నన్ను కాదు, నా పక్కన ఎవరినో అనిపించింది.

"ఏంటొదినా, అలా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే ఎలాగ? చేత్తో అయినా చెప్పు," అంది సుజాత.

మా ఆయన గోడ దగ్గర నుంచే, "సుజాతా. ఆ మాట అనకు," అన్నారు. మెల్లగానే అన్నారు. కానీ ఆవిడ ఆ ఇంట్లో పుట్టిన పిల్ల కదా, వెంటనే అర్థమైంది. మొహం ముడుచుకుని అటు వెళ్ళి నిలబడింది. కష్టంలో ఉన్నప్పుడు ఎవరు ఎవరిమీద విసుక్కున్నారో లెక్క ఉండదంటారు గానీ, ఉంటుంది. ఆ అన్నాచెల్లెళ్ళు దీపావళి దాకా సరిగా మాట్లాడుకోలేదు.

నా పక్క కుర్చీలో ఒక మనిషి ఉంది. పేరు మంగమ్మ అని తరవాత తెలిసింది. కొల్లేరులో ఏదో లంక ఊరు. చేపల చెరువుల మీద కాపలా ఉండే భర్తకి కాలు వాచి చీము పడితే తీసుకొచ్చింది. నా గడ్డం మీద నుంచి కారుతున్న ఉమ్మిని నేను తుడుచుకునేలోగా, నన్ను అడక్కుండానే తన కొంగుతో తుడిచేసింది. సొంత చెల్లెలి మూతి తుడిచినట్టు తుడిచి, మళ్ళీ అటు తిరిగి లోపలి తలుపు వంక చూస్తూ కూర్చుంది. తరవాత నా చెయ్యి తీసుకుని తన అరచేతిలో పెట్టుకుంది.

"అక్కగారూ, నే అడుగుతానండి. అవునంటే ఓసారి నొక్కండి, కాదంటే ఊరుకోండి. ఊపిరాడుతుందాండీ?"

నేను నొక్కలేదు.

ఆవిడ లేచి గట్టిగా, "ఏవండీ నర్సమ్మగారూ, ఈవిడగారికి ఊపిరాడతాలేదంటండీ," అంది. హాలంతా ఇటు చూసింది. అక్కడి నుంచి నన్ను కూర్చోనివ్వలేదు.

లోపల జరిగింది నేను చెప్పలేను, నాకు తెలియదు కనుక. గొంతులో గొట్టం ఉందని తెలివి వచ్చాక తెలిసింది. దవడ కింద కోసి చీము తీశారు, పన్ను తీసేశారు. ఇంకాసేపు ఆలస్యమైతే గొంతు మూసుకుపోయేదని పెద్ద డాక్టరుగారు మా ఆయనతో అన్నారట. ఆ సంగతి మా ఆయన నాకు కార్తీకంలో గానీ చెప్పలేదు. కళ్ళు తెరిచినప్పుడు పైన తెల్లగా తిరుగుతున్న పంకా ఒకటి గుర్తుంది. చచ్చిపోతానా అని కూడా అనుకోలేదు. కొట్లో ఎవరున్నారు అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనిపించలేదు, దానికి సిగ్గేసింది.

గొట్టం తీసి వార్డులోకి మార్చాక మంగమ్మ వచ్చి చూసింది. వాళ్ళాయనకి నయమైంది, ఇంటికి వెళ్ళిపోతున్నారు. మేము బెల్లం వాళ్ళమనీ, నేను రుచి చెబుతాననీ సుజాత చెప్పింది.

"ఏం రుచి చూస్తారండీ బెల్లంలో?" అంది మంగమ్మ.

"ఉప్పు తగిలిందా లేదా అనండీ," అంది సుజాత నా బదులు.

మంగమ్మ నవ్వింది. "మా నీళ్ళే ఉప్పనండి. మీరు పారేసిన బెల్లం మాకిచ్చినా మాకేం తెలియదులెండి."

నాకూ నవ్వు రావలసింది. పెదవి కుడి సగం నవ్వి, ఎడమ సగం అలాగే ఉండిపోయింది. అప్పుడే మొదటిసారి తెలిసింది, ఆ పక్క ఏమీ లేదని.

ఆశ్వయుజం, కార్తీకం

"నరం దెబ్బతింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. నెలలు చూడాలమ్మా," అన్నారు పెద్ద డాక్టరుగారు. రావచ్చు అన్నప్పుడు మా ఆయన వంకా, రాకపోవచ్చు అన్నప్పుడు గోడ వంకా చూశారు.

పెదవి తొందరగానే కొంత వచ్చింది. నాలుక రాలేదు. దాని ఎడమ సగం నాది కాదు. ఎవరిదో తోలుముక్క నా నోట్లో పెట్టి మరిచిపోయినట్టు ఉండేది. అన్నంతో పాటు దాన్నీ నమిలేదాన్ని. పుక్కిలించిన నీళ్ళలో ఎర్రగా కనిపిస్తే గానీ కొరుక్కున్నట్టు తెలిసేది కాదు. వేడి కాఫీకి బొబ్బ ఎక్కింది, అదీ అద్దంలో చూస్తేనే తెలిసింది. మనుషులు వచ్చి ఎలా ఉందండీ అంటే బాగుందండీ అనేదాన్ని. అది కూడా 'బాఉందంయీ' అన్నట్టు వినిపించేది. అందుకని ఊరుకోవడం మొదలుపెట్టాను. ఊరుకోవడం అలవాటైతే చాలా హాయి. ఎవరూ ఏమీ అడగరు. పండగ వచ్చిందా వెళ్ళిందా అన్న ధ్యాస కూడా ఉండదు.

కుడి సగం ఉంది కదా అంటారు. ఉంది. తీపి తెలుస్తుంది, కారం తెలుస్తుంది. తీపి వెళ్ళిపోయాక మిగిలేది మాత్రం తెలియదు. దాన్ని కనిపెట్టడం ఎడమ పక్కకే అలవాటు. సగం నాలుకతో పూర్తి మాట ఎలా చెబుతాను? నేను సరే అన్నానంటే మా కొట్టు సరే అన్నట్టు.

మా అత్తగారు కొట్టుకి రావడం ఎప్పుడో మానేశారు కనుక, ఆ రోజుల్లో రుచి మా ఆయన చూశారు. ఒక సాయంత్రం కొట్టు వెనక గదిలోకి వెళితే, బెల్లం బస్తాలు కొన్ని గోడకి మొహం తిప్పి పెట్టి ఉన్నాయి. బస్తాలకి మొహం ఏమిటంటారా, మా గుర్తు ఉన్న వైపు. పూతరేకులు చేసేవాళ్ళు తిప్పి పంపిన సరుకు అది. చౌడు బెల్లం.

"ఎవరో వద్దన్నారులే. మనమే వాడుకుందాం," అన్నారు ఆయన.

ఆ నెలంతా మా ఇంట్లో చారులో, పులుసులో ఆ బెల్లమే పడింది. నాకు ఎలాగూ తెలియదు. మా అత్తగారు మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుని కొడుకు వంక చూసి, ఏమీ అనకుండా తినేసేవారు. ఆవిడ ఏదైనా అన్నా బాగుండేది.

కార్తీకంలో మిగిలిన రెండు పళ్ళూ చూపించడానికి మళ్ళీ మా వీధి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఈసారి మా ఆయన వెంట వచ్చారు, అత్తగారు కూడా కర్ర పట్టుకుని బయలుదేరారు. ఆ పిల్ల నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను మళ్ళీ ఎందుకు రాలేదని ఒక్క మాట అనలేదు.

"తీపి తిననన్నారు కదండీ. ఇంకేదైనా బుగ్గన పెట్టుకునే అలవాటుందాండీ? వక్కపొడి లాంటిది?"

"అదేం లేదండీ. రోజంతా బెల్లం రుచి చూస్తుంది, అంతే," అన్నారు మా ఆయన.

డాక్టరమ్మ చేతిలో అద్దం కింద పెట్టేసింది. "రోజంతానాండీ? ఎక్కడ పెట్టుకుంటారు?"

నేను ఎడమ బుగ్గ మీద వేలు పెట్టాను.

ఎంత తిన్నామన్నది కాదట, ఎన్నిసార్లు తిన్నాం, ఎంతసేపు పంటికి అంటుకుని ఉందన్నది అసలు సంగతట. పండక్కి కూర్చుని బూరెలు తిని నోరు కడుక్కున్నవాళ్ళే నయం. పెసరబద్దంత పలుకైనా రోజంతా పంటి పక్కన కూర్చుంటే పన్నుకి తేరుకునే వ్యవధి ఉండదట. ఆ పిల్ల చెబుతుంటే మా అత్తగారు అడ్డం వచ్చారు.

"నేను కోడలి కంటే ఎక్కువ ఏళ్ళు చూసేనమ్మా రుచి. నా పళ్ళు ఇంకా ఉన్నాయి చూడు," అని నోరు తెరిచారు. నిజమే, అరిగాయి గానీ ఉన్నాయి.

"మీరు చూసేక ఏం చేసేవారండీ మామ్మగారూ?"

"ఏం చేస్తాను. పుక్కిలించి ఉమ్మేసేదాన్ని."

అప్పుడు నాకు ఆ చెంబు గుర్తొచ్చింది. పాత కొట్లో కాటా పక్కన ఇత్తడి చెంబుతో నీళ్ళు ఉండేవి. ఒక్కో పలుకు అయ్యాక ఆవిడ రెండు పుక్కిళ్ళు పట్టి ముందున్న కాలవలో ఉమ్మేవారు. నాకూ అలాగే నేర్పారు. తరవాత మునిసిపాలిటీ వాళ్ళు కాలవ మీద పలకలు వేశారు. మేము ముందు పలకరాళ్ళు పరిచి, అద్దాల బల్ల పెట్టుకున్నాం. వచ్చేపోయే వాళ్ళ ముందు ఉమ్మడానికి చోటు లేక, మర్యాదగా ఉండదని నేను మింగడం మొదలుపెట్టాను. చెంబు ఇంట్లో తులసికోట దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ పనిలో బెల్లం సగం నాకు వచ్చింది, నీళ్ళ సగం రాలేదు.

"చూసేరా, మామ్మగారికి తెలుసండీ," అంది డాక్టరమ్మ.

"నాకేం తెలుసమ్మా," అన్నారు మా అత్తగారు. "పళ్ళ కోసం కాదు నేను పుక్కిలించింది. ముందు దిమ్మ రుచి పోతే గానీ తరవాతి దిమ్మ రుచి తెలియదు కదా. అందుకు."

నీళ్ళొక్కటే కాపాడాయని చెప్పలేనని డాక్టరమ్మ నవ్వుతూ అంది. రాత్రి పడుకోబోయే ముందు కూడా పళ్ళు తోముకోవాలనీ, తోముకున్నాక మంచినీళ్ళు తప్ప ఏమీ నోట్లో వేసుకోకూడదనీ, నొప్పి లేకపోయినా అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవాలనీ చెప్పింది. పన్ను పీకితే చూపు పోతుందా అని మా అత్తగారు అడిగారు. పోదని చెప్పింది. ఇంటికి వస్తూ దారిలో ఆవిడ సైన్‌బోర్డులన్నీ గట్టిగా చదివించారు నా చేత. అన్నీ చదివాక గానీ నమ్మలేదు.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ముగ్గురం భోజనాలయ్యాక పెరట్లో వరసగా నిలబడి పళ్ళు తోముకుంటున్నాం. మొదట్లో మా ఆయన, "పొద్దున్న ఒకసారి చాలదా, రాత్రి కూడా పెళ్ళికొడుకు ముస్తాబేంటి" అని గొణిగేవారు. ఇప్పుడు ఆయనే ముందు వెళతారు. చెంబు మళ్ళీ కాటా పక్కకి వచ్చింది, కింద మూత ఉన్న చిన్న బకెట్టు పెట్టుకున్నాం. ఎవరైనా వింతగా చూస్తే చూడనిస్తున్నాం.

పుష్యం

కొత్త సరుకు దిగింది. చింతలపూడి నుంచి ఎప్పుడూ మాకే వేసే రైతు, పెద్దాయన, లారీ దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చారు. ఆయన బేరం మా ఆయనతో ఆడతారు గానీ, మాట నా దగ్గరే తీసుకుంటారు.

"చూడండమ్మా," అని దిమ్మ నా ముందు పెట్టారు.

ఎందుకు ఒప్పుకున్నానో తెలియదు. రాయి తీసుకుని మూల కొట్టాను. పలుకు తీసి ఎడమ పక్క పెట్టాను. ఒక్కసారికే పెట్టాను, వెంటనే పుక్కిలించెయ్యాలనే పెట్టాను. ఆయన నిలబడ్డారు, మా ఆయన కాటా దగ్గర ఆగిపోయారు. గులకరాయి పెట్టుకున్నా అంతే ఉండేది. కరిగిందా లేదా అన్నది కూడా వేలు పెట్టి చూసుకుంటే గానీ తెలియలేదు.

"ఉప్పు తగిలిందాండీ?"

"తెలియడం లేదండీ," అన్నాను.

ఆ మాట చెప్పడానికి ఎంత భయపడ్డానో ఆ నెలలన్నీ. తీరా చెప్పాక ఏమీ అనిపించలేదు. ఆయన కండువా దులుపుకుని, "ఫర్వాలేదమ్మా, నా మాట మీద వేసుకోండి," అన్నారు. ఆ మంచితనానికి ఏడుపు రావాలి. అదీ రాలేదు. పుక్కిలించి ఉమ్మేసి, రాయి తుడిచి పక్కన పెట్టాను. మా ఆయన సాయంత్రం దాకా నా వంక చూడలేదు.

మాఘం

పొద్దున్నే పెరట్లో కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్నాను. మంచు పట్టి ఉంది. పొరుగింటి వాళ్ళ రేడియో వినిపిస్తోంది. ఏదో ఆలోచిస్తూ తోముతుంటే బ్రష్షు జారి నాలుక ఎడమ అంచున గుచ్చుకుంది.

"అబ్బా," అన్నాను.

అన్నాక గానీ ఏమన్నానో అర్థం కాలేదు. నీళ్ళు పుక్కిలించి ఉమ్మి చూశాను, ఎర్రగా ఏమీ లేదు. మళ్ళీ కావాలని అదే చోట పొడిచాను. సన్నగా, సూదిమొనంత నొప్పి. నాదే. ఇంకోసారి పొడిచాను. కుళాయి గట్టు మీద కూలబడ్డాను. ఆస్పత్రిలో రాని ఏడుపు, బస్తాలు చూసినప్పుడు రాని ఏడుపు, ఆ పెద్దాయన ముందు రాని ఏడుపు అంతా అప్పుడు వచ్చింది. నోట్లో పేస్టు నురగతోనే ఏడ్చాను. రుచి వచ్చిందో రాలేదో నాకు తెలియదు, ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆ పక్క మనిషి ఉందని మాత్రం తెలిసింది.

చప్పుడు విని మా అత్తగారు కర్ర తాటించుకుంటూ వచ్చారు.

"ఏమైందే అమ్మాయ్? పడ్డావా?"

"నొప్పండీ అత్తయ్యగారూ. ఎడమ పక్క నొప్పి పుట్టిందండీ."

ఆవిడకి ఈమధ్య చెవులు సరిగా వినపడటం లేదు. నొప్పి అన్నంత వరకే వినబడింది. నా పక్కన గట్టు మీద కూర్చుని, కర్ర గోడకి ఆనించి, బొడ్లోంచి డబ్బీ తీసి, అందులో లవంగం వెతుకుతున్నారు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దండీ," అన్నాను. "కాసేపు ఉండనివ్వండి."